కెమెరాకి అవతలి వైపు

తనూజ మొదటిసారి ఫోన్ చేసినప్పుడు ఏ బ్యాంకు వాళ్ళో అనుకుని తిట్టబోయాను. నాకొచ్చే ఫోన్లన్నీ అలాంటివే. లోను కావాలా అని ఒకరు, క్రెడిట్ కార్డు తీసుకోమని ఇంకొకరు. రిటైరైపోయిన డ్రాయింగు మాస్టారికి లోనిచ్చి వీళ్ళేం బావుకుంటారో నాకు ఈ జన్మకి అర్థం కాదు. కానీ ఈ అమ్మాయి లోను మాటే ఎత్తలేదు.

"భాస్కరరావు గారేనా అండీ? 'రేవు బంగళా' సినిమాకి ఆర్ట్ డైరెక్టరుగా చేసిన భాస్కరరావు గారు?"

ఆ పేరుతో నన్నెవరైనా పిలిచి ఎన్నేళ్ళయిందో. బందరులో నన్నందరూ డ్రాయింగు మాస్టారనే అంటారు. మా వీధి చివర కర్రీ పాయింటు ఆవిడ మాత్రం, నేను వినడం లేదనుకున్నప్పుడు, "ఒంటరి పార్సిల్ వచ్చాడు" అంటుంది. తప్పేం లేదు. నా భార్య కనకమహాలక్ష్మి పోయి ఆరేళ్ళయింది. పిల్లల్లేరు. పొద్దున లేస్తే నాతో మాట్లాడేది టీవీ ఒక్కటే, దాని మాటలు నాకు నచ్చవు. అందుకని ఆ అమ్మాయి "హలో, సార్" అని అరుస్తున్నా ఫోను చెవికి ఆనించుకుని అలాగే నిలబడ్డాను.

"వినిపిస్తోందమ్మా. ఆ పాపం చేసింది నేనే" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వలేదు. "పాపం కాదు సార్, అదొక మాస్టర్‌పీస్" అంది.

'రేవు బంగళా'లు రెండున్నాయి. ఒకటి మా చిన్నప్పటి నలుపు తెలుపు బొమ్మ. లాంతరు పట్టుకుని రేవు మెట్లు దిగే దెయ్యం, వెనకాల వీణ. అది చూసి వచ్చాక మా అమ్మ నెలరోజులపాటు పొద్దుగూకితే పెరట్లోకి వెళ్ళలేదట. రెండోది తొంభైల్లో దాన్నే మళ్ళీ రంగుల్లో తీసింది. తీసినవాడు గుడివాడ మధుసూదనరావు, నాటకాలాడే రోజుల నుంచీ నా స్నేహితుడు. బంగళా సెట్టు వేసే తాహతు లేక వాడు కథని దివిసీమ తీసుకెళ్ళాడు. బంగళాని పాడుపడిన గోడలు చేసి, దాని చుట్టూ దొరల కాలంనాటి సమాధుల దొడ్డి పెట్టాడు. బందరు కోటలో డచ్చివాళ్ళ సమాధులు చూసి చూసి వాడికా బుద్ధి పుట్టింది.

"నువ్వు బొమ్మలేస్తావుగా బావా, సమాధులు కట్టలేవా?" అన్నాడు. ఆ రెండింటికీ ఏమిటి సంబంధమని నేనడగలేదు. వేసవి సెలవులు కదా అని సంచీ సర్దుకుని బయల్దేరాను.

ఆ సినిమా వారం రోజులాడింది. గుడివాడలో మొదటిరోజు మ్యాట్నీకి కనకం, నేనూ వెళ్ళాం. దెయ్యం వచ్చి తల తిప్పగానే విగ్గు పక్కకి జరిగింది. హాలు హాలంతా గొల్లుమంది. ఎవడో "దెయ్యానికి దువ్వెనివ్వండ్రా" అని అరిచాడు. పాత సినిమాకి వీళ్ళే దగ్గరుండి సమాధి కట్టారని పేపర్లో రాశారు. మధు మళ్ళీ సినిమా జోలికి పోలేదు. గుడివాడలో సిమెంటు కొట్టు పెట్టుకుని, కరోనా రెండో విడతలో పోయాడు. ఇప్పుడు ఎక్కడెక్కడి కుర్రాళ్ళో ఆ సినిమాని ఫోన్లలో చూసి, ఇంత గొప్పదాన్ని మనవాళ్ళు చెత్తబుట్టలో పడేశారేమిటని గుండెలు బాదుకుంటున్నారట. ఉన్నన్నాళ్ళూ వాడికి ఒక్కడు ఫోన్ చేసిన పాపాన పోలేదు.

తనూజ విజయవాడలో ఏదో కాలేజీలో సినిమా పాఠాలు చెబుతుందట. యూట్యూబులో చానెలు కూడా ఉందట. మా సినిమా మీద గంటకి పైగా వీడియో చేస్తున్నానని, నేను కెమెరా ముందు మాట్లాడాలని అడిగింది. నాకు విసుగొచ్చింది. ఏం మాట్లాడతాను, విగ్గు గురించా? రాలేనని చెప్పబోతుంటే అప్పుడంది.

"అసలు విషయం చెప్పలేదు కదా సార్. మొన్న మా సబ్‌స్క్రైబర్ ఒకతను బైకు మీద అటు వెళ్ళి చూశాడంట. మీరు కట్టిన సెట్టు ఇంకా ఉందంట, కరకట్ట పక్కన. సమాధులన్నీ అలాగే ఉన్నాయంట."

నేను టీవీ కట్టేసి, మళ్ళీ చెప్పమన్నాను.

సినిమా గొప్పదైతే నాకేం, కాకపోతే నాకేం. ఆ సెట్టులో ఒక చిన్న సమాధి ఉంది. అది ఉందా లేదా, నాకు కావలసింది అదొక్కటే.

ఆ సినిమాలో ఒక షాటుంది. ముందు వరసలో మూరెడు పొడుగు సమాధి, దాని వెనక పెద్దవన్నీ, ఆ వెనక పొగమంచు. చిన్న సమాధి స్క్రిప్టులో లేదు. ఇదెందుకని మధు అడిగితే, ముందర చిన్నది పెడితే వెనకవి ఇంకా పెద్దగా కనిపిస్తాయని చెప్పాను. అదీ నిజమే. కానీ నేను కట్టింది అందుకు కాదు.

సినిమాకి కొన్నేళ్ళ ముందు మాకొక ఆడపిల్ల పుట్టింది. బారసాల దాకా కూడా ఉండలేదు. మాలో అంత పసివాళ్ళని దహనం చెయ్యరు, పూడ్చిపెడతారు. పైన గుర్తుగా ఏమీ పెట్టరు. పేరుండదు, కర్మ ఉండదు, తద్దినం ఉండదు. మంగినపూడి దారిలో సరుగుడు తోటల పక్కన ఇసకలో పెట్టి వచ్చాం. మా మావయ్య నా భుజం పట్టుకుని "వెనక్కి తిరిగి చూడకు" అన్నాడు. నేను చూడలేదు. ఇంటికొచ్చాక కనకం అడిగింది, ఎక్కడ పెట్టారని. ఆ తర్వాత కూడా అడుగుతూనే ఉండేది, కూర తరుగుతూ, బట్టలు మడతపెడుతూ, ఏదో మార్కెట్టు సంగతి అడిగినట్టు. ఒకరోజు చెప్పాపెట్టకుండా సైకిలేసుకుని వెతకడానికి వెళ్ళాను. సరుగుడు చెట్లన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఏ చెట్టు దగ్గరని చూడను? ఇప్పుడక్కడ ఇళ్ళ ప్లాట్లు వేసి రంగురాళ్ళు పాతారు.

అందుకని దివిసీమలో, సినిమా పేరు చెప్పుకుని, మా పిల్లకి సమాధి కట్టాను. సముద్రపు గాలికి అట్టముక్కలు ఆగవని అన్నీ ఇటుకా సిమెంటుతోనే కట్టించాం. చిన్నదాని దగ్గరికి వచ్చేసరికి మేస్త్రీని టీకి పంపి నేనే తాపీ పట్టుకున్నాను. సిమెంటు పచ్చిగా ఉండగా, కెమెరాకి అవతలి వైపు, ఏ షాటులోనూ పడని చోట, చెక్క అచ్చుతో ఒక పువ్వు గుద్దాను. ఆ అచ్చు కనకం కాపురానికొస్తూ పెడన నుంచి తెచ్చుకున్నది. దానితో దిండు గలీబుల మీద పూలు అద్దుకునేది.

గుడివాడలో హాలంతా నవ్వుతుంటే కనకం ఒక్కతే ఏడ్చింది. ముందే ఆమెకి చెప్పాను, ముందు వరసలో చిన్నది చూడమని. ఇంటికొచ్చే బస్సులో కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఒకసారి అక్కడికి వెళ్ళొద్దామా?" అంది. సినిమా సెట్టు కదా, ఈపాటికి పీకేసి ఉంటారన్నాను. అలాగే అనుకున్నాను కూడా. కనకం ఇంకెప్పుడూ అడగలేదు. ఎక్కడ పెట్టారని కూడా ఆ తర్వాత అడగలేదు. ఇప్పుడీ అమ్మాయి వచ్చి, అది ఉందంటోంది. అన్నేళ్ళూ ఉందంటోంది. కనకం ఉన్నన్నాళ్ళూ ఉంది.

"వస్తానమ్మా" అన్నాను.

శనివారం మధ్యాహ్నం తనూజ కారేసుకుని మా వీధిలోకి వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి, పొట్టి జుట్టు, కళ్ళజోడు, గొంతులో హడావిడి. నేను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. కర్రీ పాయింటు ఆవిడ కొట్టు బయటికి వచ్చి మరీ చూసింది. చూడనీ, ఒక్కరోజైనా.

చల్లపల్లి దాటి, మోపిదేవి దాటి, పులిగడ్డ వంతెన ఎక్కేదాకా తనూజ మాట్లాడుతూనే ఉంది. ఇంతలా పొగిడించుకోవడం నాకు అలవాటు లేదు గానీ, బాగానే ఉంది.

"పాత సినిమాలో భయమంతా దెయ్యానిది సార్. మీ సినిమాలో దెయ్యం నిజంగానే కామెడీగా ఉంది. భయమంతా ఆ సమాధుల్లో ఉంది. అన్ని శిలువలూ కెమెరాకి దగ్గరగా, మనకి ఎదురుగా పెట్టారు. చచ్చిపోయినవాళ్ళంతా లేచి మనవైపే వస్తున్నట్టుంటుంది. ఆ ఐడియా ఎవరిది సార్?"

ఐడియా ఎవరిదీ కాదు. కెమెరా తూర్పున కరకట్ట మీద పెట్టారు. శిలువలు దగ్గరగా కనపడాలన్నాడు కెమెరామన్. అందుకని అన్ని సమాధులకీ తూర్పు కొసన పాతేశాను. అప్పుడు మాకు నీళ్ళు మోసే ఆడవాళ్ళు అది చూసి కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. వాళ్ళలో తల పడమటికీ కాళ్ళు తూర్పుకీ పెడతారట, శిలువ తల దగ్గర ఉండాలట. యేసుప్రభువు వచ్చే రోజున సూర్యుడికి ఎదురుగా లేస్తారట. "మీరిట్టా తిరగేసి పడుకోబెడితే పాపం లేచాక ఎటు చూడాలండీ?" అని అడిగింది ఒకావిడ. మాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా తోచలేదు. ఆ తప్పునే ఇప్పుడు తనూజ నెత్తిన పెట్టుకుని ఊరేగిస్తోంది. జవాబుకి బదులు నేను కిటికీ అద్దం దించుకున్నాను.

"వీడియోకి పేరు కూడా పెట్టేశాను సార్. 'ఎవరూ లేని సమాధులు'. లాస్ట్ షాట్ మీరే. చిన్న సమాధి మీద చెయ్యేసి, 'ఇవన్నీ నేను కట్టాను, వీటిలో ఎవరూ లేరు' అనాలి. ఇది బయటికొస్తే చూడండి, జనం ఇక్కడికి టూర్లు వేసుకుని వస్తారు."

ఎవరూ లేరని నేననను. కారులోనే నిర్ణయించుకున్నాను. చిన్నదాని మీద చెయ్యి వేసి, ఇది నా కూతురిది అని చెప్తాను. ఇన్నేళ్ళలో ఆ పిల్ల ఉందని బయటివాళ్ళెవరితోనూ అన్నది లేదు. పేరు లేని పిల్ల గురించి ఏమని మొదలుపెడతాం? ఇప్పుడు వేలమంది చూస్తుండగా చెప్తాను. నా తర్వాత కూడా ఆ వీడియో ఉంటుంది. అంతకన్నా నాకు ఇంకేం కావాలి?

అవనిగడ్డ దాటాక రోడ్డుకి రెండుపక్కలా రొయ్యల చెరువులే. అప్పట్లో ఇవేమీ లేవు. కరకట్ట ఎక్కాక నాకు దారి గుర్తు రాలేదు, ఫోనే చెప్పింది ఆగమని. తనూజ కారాపింది. దిగి చూశాను.

ఉన్నాయి. కానీ నేను వదిలేసి వచ్చిన సెట్టులా లేవు.

అన్నీ తెల్లగా మెరుస్తున్నాయి. మర్నాడు ఈస్టరు. నలుగురైదుగురు మనుషులు బకెట్లూ కుంచెలూ పట్టుకుని సమాధులకి సున్నం వేస్తున్నారు. ఎవరో శిలువలకి కాగితం పూలదండలు కడుతున్నారు. అప్పుడు పేర్లకి బదులు నేను పిచ్చిగీతలు గీసిన చోట నల్లరంగుతో పేర్లున్నాయి. ప్రతి పేరు కిందా 'ప్రభువునందు నిద్రించిరి', దాని కింద ఒకటే సంవత్సరం. డెబ్భై ఏడు. ఉప్పెన వచ్చిన ఏడు.

చిన్నది ఎక్కడుందో నాకు వెతుక్కోనక్కర్లేకపోయింది. దాని దగ్గర ఒక ముసలావిడ గొంతుక్కూర్చుని ఉంది. పల్చటి మనిషి, మోచేతుల దాకా సున్నం. శిలువ మీద రాసి ఉంది: కృపాకుమారి.

నా కూతురి సమాధి మీద ఇంకొకరి పేరుంది. మొదట నాకొచ్చింది కోపం, దాచుకోవడం ఎందుకు? ముందూ వెనకా చూడకుండా విసవిసా నడిచి అవతలి వైపుకి వెళ్ళాను. పడమటి ఎండ సూటిగా దాని మీద పడుతోంది. పువ్వు అలాగే ఉంది. ఇన్నేళ్ళ సున్నానికి పూడిపోయి ఉండాల్సింది. ఒక్కో రేకూ, రేకు మధ్యలో సన్నని గీతా, నిన్న గుద్దినట్టుగా ఉన్నాయి.

ముసలావిడ తలెత్తి నన్ను చూసింది. చాలాసేపు చూసింది.

ఈలోపు తనూజ కెమెరాకి కాళ్ళు బిగించేసింది. ఆవిడ దగ్గరికి వచ్చి వంగి, "ఇది ఎవరిదండీ?" అని మర్యాదగానే అడిగింది.

"మా పాపదండీ. ఉప్పెనలో పోయింది. నాలుగో ఏడు."

"మీ పేరండీ?"

"ప్రేమమ్మంటారండీ."

"పాపని ఇక్కడే పెట్టారా అండీ? ఈ చోటే?"

ప్రేమమ్మ జవాబు చెప్పకుండా నా వైపు చూసింది. ఆ చూపులో బతిమాలడం లేదు. భయం కూడా లేదు. నా మాట కోసం ఆగింది, అంతే. కుంచె చివర నుంచి సున్నం చుక్కలు చుక్కలుగా మట్టిలో పడుతోంది. పక్క సమాధి దగ్గర దండ కడుతున్నాయన చేతులు కూడా ఆగాయి.

తనూజ ఫోనులో సినిమా షాటు తీసి, ఎదురుగా పట్టుకుని ఆ చోటుతో పోల్చి చూసుకుంటోంది. "సార్, ఏదో తేడాగా ఉంది. షాట్‌లో శిలువలన్నీ కరకట్ట వైపున్నాయి. ఇక్కడేమో అటుపక్కనున్నాయి. ఇవి మీవేనా సార్? ఒక్కసారి ఇటు చూసి చెప్పండి, రికార్డవుతోంది."

మావే. ఆ వంకర మూల నా తాపీది. ఆ పువ్వు నా భార్యది. నేనొక్క మాటంటే చాలు, నా పిల్ల నాకు దొరుకుతుంది, పనిలో పనిగా నాకూ కాస్త పేరొస్తుంది. ఆ తర్వాత వేరే వీడియో కూడా వస్తుంది. దివిసీమలో దొంగ సమాధులు, వాటికి మొక్కుతున్న అమాయకులు. టూర్లు వేసుకుని వచ్చిన కుర్రాళ్ళు కృపాకుమారి మీద కాలు పెట్టి ఫోటోలు దిగుతారు. ఎవరూ లేరట ఇందులో అని, ఈ ముసలావిడ వినేలా అనుకుంటారు.

అక్కడెవరూ లేరనిపించుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. మంగినపూడి దారిలో ఇసకని అడగండి.

"కావమ్మా" అన్నాను కెమెరాకేసి చూస్తూ.

"సార్?"

"ఇవి మావి కావు. మావి ఆ మరుసటి ఏడు గాలివానకి కొట్టుకుపోయాయి. నువ్వే చూడు, మా శిలువలు తూర్పున ఉండేవి. ఇవి పడమట ఉన్నాయి. తెలిసినవాళ్ళు పద్ధతిగా కట్టుకున్న సమాధులివి. మాకంత తెలివెక్కడిది? మీ కుర్రాడెవరో చూసి పొరబడ్డాడు."

"పక్కాగా చెప్తున్నారా సార్? ఆ చిన్నది కూడా?"

"ఆ చిన్నది కూడా" అన్నాను. రెండోసారి పూడ్చినట్టయింది.

తనూజ ముఖం చిన్నబోయింది. మంచి పిల్ల, ఊరికే రెట్టించి విసిగించలేదు. ప్రేమమ్మతో "సారీ అండీ, పండగ పనిలో ఉన్నారు, డిస్టర్బ్ చేశాం" అంది. వచ్చినందుకు కనీసం ఏటి షాట్లయినా తీసుకుంటానని కెమెరా భుజానేసుకుని కరకట్ట మీదికి ఎక్కిపోయింది.

నేనూ వెళ్ళిపోదామనే అనుకున్నాను. అంతలో ప్రేమమ్మ బకెట్టు పక్కకి జరిపి, బోర్లించి ఉన్న ప్లాస్టిక్ పీట కొంగుతో తుడిచింది.

"కూర్చోండి మాస్టారండీ. అప్పుడు బక్కగా ఉండేవోరు. గడ్డం తెల్లబడిందిగానీ నడక అదే."

"నేను గుర్తున్నానా?"

"ఎందుకు గుర్తుండరండీ, మీరిచ్చిందేగా ఇది."

నాకు అర్థం కాలేదు. ఆవిడ చెప్పింది. అప్పట్లో మాకు నీళ్ళు మోసినవాళ్ళలో తానూ ఒకతి. షూటింగు అయిపోయి మేం సామాను లారీకి ఎక్కిస్తుంటే నా దగ్గరికి వచ్చి, ఈ చిన్నది ఎవరిదండీ అని అడిగిందట. ఎవరిదీ కాదన్నానట. అయితే మా పాపకి ఇస్తారా అంటే, తీసుకో అమ్మా అన్నానట. నాకు ఒక్క ముక్క గుర్తు లేదు.

"ఉప్పెన తగ్గాక ఎక్కడెక్కడోళ్ళనో ఒక్క గోతిలో ఏసి కప్పారండీ. మా పాప అందులో ఉందో, ఏట్లో పోయిందో కూడా తెలవదు. ఎక్కడికెళ్ళి ఏడవాలండీ? మీరెళ్ళాక నేను దీన్ని తీసుకున్నా. నన్ను చూసి తలా ఒకటీ తీసుకున్నారు. శిలువలు పీకి తలకాడ పెట్టుకున్నాం. సత్యానందం పాస్టరుగారు ఉండేవోరు అప్పుడు, ఆయన వచ్చి ప్రార్థన చేశారు. కిందెవరున్నారని అడగలేదండీ ఆయన. ఎవరికోసమని అడిగారు."

సున్నం బకెట్టులో ఏదో పురుగు పడితే వేలితో తీసి పారేసింది.

"ఆ అమ్మాయితో ఎందుకట్టా చెప్పారండీ? మీ పనేగా."

"నీకిచ్చేశాను కదమ్మా" అన్నాను.

ఆవిడ తల ఊపింది. తర్వాత శిలువ కింద పువ్వుని చూపించింది. "మరి ఇదెవరికోసం ఏశారండీ?"

నేను వంగి ఆ పువ్వు మీద వేలు పెట్టాను.

"కెమెరా ఆ కట్ట మీదుండేది. పువ్వేమో ఇటేపేశారు. సినిమా కోసం అయితే కనపడేకాడ ఏస్తారుగా ఎవరైనా. ఎవరిదీ కాదన్నారుగానీ, అప్పుడు మీ మొకం అట్టా లేదండీ. ఎవరో ఉన్నారనుకున్నా. అందుకే ఎప్పుడు సున్నం ఏసినా దీంట్లో పడినదాన్ని చీపురుపుల్లతో తీసేస్తా."

అప్పుడు చెప్పాను. కనకానికి తప్ప ఎవరికీ చెప్పనిది, కెమెరా ముందు చెబుదామనుకున్నది, ఆ ప్లాస్టిక్ పీట మీద కూర్చుని ఆవిడకి చెప్పాను. ఇసక గురించి, సరుగుడు చెట్ల గురించి, పెడన అచ్చు గురించి. కనకం ఇక్కడికి వద్దామంటే పీకేసి ఉంటారని చెప్పిన సంగతి దగ్గర నాకు ఏడుపొచ్చింది. ముసలితనంలో ఏడుపు చాలా అసహ్యంగా ఉంటుంది, ముక్కు కూడా ఊరుకోదు. ప్రేమమ్మ చూడనట్టు కుంచె కడుక్కుంది.

"ఆడపిల్లేనా అండీ?"

"ఆడపిల్లే."

"పేరు?"

"పెట్టలేదమ్మా. అందాకా ఉండలేదు."

ఆవిడ కుంచె పక్కన పెట్టింది. "మా పాప పెద్దది కదండీ, నాలుగేళ్ళది. చంటిపిల్లలంటే దానికి మహా ఇష్టం. పక్కింటోళ్ళ పిల్లని చంకనెక్కించుకుని మొయ్యలేక మొయ్యలేక తిరిగేది" అంది. ఆ మాట అంటూ నవ్వింది. నాకూ ఏడుపులోనే నవ్వొచ్చింది.

కట్ట మీద నుంచి తనూజ "వెళ్దామా సార్?" అని కేకేసింది. ఏటి మీద ఎండ తగ్గుతోంది. నేను లేచి చొక్కా దులుపుకున్నాను, ఎక్కడో అంటిన సున్నం పోలేదు.

"రేపు తెల్లారకముందే అందరం వచ్చి కొవ్వొత్తులు పెడతామండీ" అంది ప్రేమమ్మ.

నాకు అడగడానికి మొహమాటమేసింది. అయినా అడిగాను. "మా పిల్లకి కూడా ఒకటి పెడతావా అమ్మా?"

ఆవిడ వింతగా చూసింది నన్ను. "ఏటా రెండే పెడతానండీ" అంది. "ఒకటి మా పాపకి. ఒకటి ఆ పువ్వు ఎవరిదో వాళ్ళకి."

నేను తల ఊపాను. చేతులెత్తి దణ్ణం పెట్టబోతే "మీరు నాకు పెట్టకూడదండీ" అని నా చేతులు పట్టుకుని దించేసింది. సున్నపు తడి నా వేళ్ళకంటింది.

కరకట్ట ఎక్కాను. తనూజ కారు తలుపు తీసి పట్టుకుంది. "ఇంత దూరం తిప్పాను, మీ సెట్టు దొరకలేదు. సారీ సార్" అంది.

"పర్లేదమ్మా" అన్నాను.

కారెక్కబోతూ ఆగాను. మావయ్య చెయ్యి భుజం మీద ఉన్నట్టే అనిపించింది. అయినా వెనక్కి తిరిగి చూశాను. ప్రేమమ్మ సమాధికి అవతలి వైపు చేరి, పడమటి ఎండలో వంగి కూర్చుని, చీపురుపుల్లతో ఒక్కో రేకులోంచీ సున్నం తీస్తోంది.